బొడ్డు కోసిన చెయ్యి

కోనసీమ అనగానే మన సాహిత్యం ఒక బొమ్మ గీసి పెట్టింది. కొబ్బరి తోటలు, కాలువ గట్లు, వేదం వల్లించే అగ్రహారాలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఆత్రేయపురం పూతరేకులు. బొమ్మ అందంగానే ఉంటుంది. కాని ఆ బొమ్మలో ముసల్మాను లేడు. ముసల్మాను అంటే హైదరాబాదులో ఉంటాడు, ఉర్దూ మాట్లాడతాడు, బిర్యానీ తింటాడు అనుకునేవాళ్లకి అమలాపురం, రాజోలు, కొత్తపేట పక్క పల్లెల్లో కొబ్బరి దింపులో, వరి కోతలో, దూది ఏకడంలో, చిల్లర కొట్లో బతికిన ముసల్మాను ఎలా కనపడతాడు? ప్రతి మాటకీ 'ఆయ్' అనే సాయిబును మన కథలు ఎన్నడూ కళ్లెత్తి చూడలేదు.

ఆ బొమ్మలో లేని మనిషి ఇంకొకరు ఉన్నారు. పురుడు పోసిన మనిషి. మొదట ఆమె మంత్రసాని. మనవాళ్లు దాయి అన్నారు. తరువాత ఆమె నర్సమ్మ అయింది. ఊళ్లో ప్రతి ఇంట్లోని ప్రతి బిడ్డనీ ముందుగా ముట్టుకున్న చెయ్యి ఆమెది. ఆనకట్ట కట్టిన దొరకి విగ్రహాలున్నాయి. ఆసుపత్రికి భూమి ఇచ్చిన జమీందారుకి శిలాఫలకం ఉంది. కాన్పు చేసిన మనిషికి మాత్రం రిజిస్టరులో ఒక సంతకం మిగిలింది. అంతకు ముందు దాయికి అదీ లేదు.

చరిత్రకెక్కని ముసల్మాను ఇల్లు, చరిత్రకెక్కని నర్సమ్మ. ఈ ఇద్దరూ కలుసుకున్న చోటు ఒకటుంది. అది పురిటి మంచం. మన చరిత్రను నవాబుల దర్బారు నుంచి కాకుండా ఆ మంచం దగ్గర నుంచి రాస్తే ఎలా ఉంటుందో చూద్దాం.

మసీదు ఆవరణలో ఒక గుడారం

సేవ అనగానే మనకు శిలువ గుర్తుకొస్తుంది. తెల్ల టోపీ పెట్టుకున్న సిస్టరు గుర్తుకొస్తుంది. అందులో తప్పేమీ లేదు. ఆంధ్రదేశంలో ఆ పనిని భుజాన వేసుకున్నవాళ్లు వాళ్లే. కాని ముసల్మానుల చరిత్రలో నర్సు లేదనుకోవడం మాత్రం తప్పు. 627లో మదీనా చుట్టూ జరిగిన కందకం యుద్ధంలో సాద్ బిన్ మువాజ్ గాయపడితే ఆయన్ని తీసుకెళ్లింది రుఫైదా అనే ఆమె గుడారానికి. ఆ గుడారం వేసింది ఎక్కడో కాదు, ప్రవక్త మసీదు ఆవరణలోనే. ప్రవక్త జీవితం రాసిన తొలి చరిత్రకారులు ఈ మాట నమోదు చేశారు. అంతకు రెండేళ్ల ముందు ఉహుద్ యుద్ధంలో గాయపడ్డవాళ్లకి తోలు తిత్తిలో నీళ్లు మోసిన నుసైబా పేరు కూడా అలాగే నమోదయింది.

పధ్నాలుగు వందల ఏళ్ల నాడు ఒక ఆడమనిషి మసీదు ఆవరణలో పరాయి మగవాళ్ల గాయాలు కడిగింది. ఇవాళ మన ఇళ్లల్లో ఆడపిల్ల నర్సు ట్రైనింగుకి పోతానంటే, "రాత్రి డ్యూటీలేమిటి? పరాయి మగాళ్లని ముట్టుకోవడమేమిటి?" అని అడ్డుపడే పెద్దలున్నారు. వాళ్లు ఎవరి సున్నత్‌ను కాపాడుతున్నారు?

గోదావరిని చూడని నర్సు

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు తెలియనివాళ్లు ఉండరు. 1854లో ఆమె ముప్పై ఎనిమిది మంది నర్సుల్ని వెంటబెట్టుకుని వెళ్లి పనిచేసిన స్క్యుటారి ఆసుపత్రి, తురుష్క సామ్రాజ్యం బ్రిటిషు సైన్యానికి ఇచ్చిన బారకాసుల్లో ఉండేది. ఇస్తాంబుల్ పక్కన అజాన్ వినపడే నేల మీదనే ఆధునిక నర్సింగుకి పేరొచ్చింది.

ఆమె మన దేశం ఎన్నడూ రాలేదు. కాని మన దేశం గురించి ఆమె రాసినన్ని కాగితాలు ఇక్కడికి వచ్చి పోయిన దొరలు చాలామంది రాయలేదు. 1876–78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షల మంది చచ్చిపోతున్నప్పుడు ఆమె సేద్యపు నీటి కోసం పోరాడింది. అందుకోసం ఉత్తరాలు నడిపింది ఎవరితో? మన గోదావరి కాటన్ దొరతో. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టే ఆ వాదానికి పెద్ద సాక్ష్యం. అన్నం లేనివాడికి మందేమిటి అన్నది ఆ నర్సు వాదన. కాలువ తవ్వడం కూడా వైద్యమే అని ఆమె గ్రహించింది. ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. నీళ్లు తెస్తే చాలదు, మురుగు పోయే దారి కూడా ఉండాలి అంది.

కోనసీమ అనుభవం ఆ రెండో మాటకి నిలువెత్తు రుజువు. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి నగరం లంకకి నీళ్లొచ్చాయి. వరి పండింది, కొబ్బరి పెరిగింది. మురుగు నిలిచిన చోట దోమ కూడా పెరిగింది. కోనసీమ పేరుతో పాటే బోదకాలు పేరూ వినపడేది. ఆ జబ్బు పురుగు నెత్తుట్లోకి వచ్చేది రాత్రి పూట. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిళ్లు తలుపు తట్టి వేలు పొడిచి నెత్తురు చుక్క తీసుకోవాలి. పగలే పరాయి మనిషికి గడప దాటని ఘోషా ఇంట్లో, రాత్రి పదింటికి పర్దా చాటు నుంచి ఒక చెయ్యి బయటికి రావాలంటే, అవతల నిలబడ్డ మనిషిని ఎంత నమ్మాలి! ఆ నమ్మకం ఏ ప్రభుత్వ ఉత్తర్వుతోనూ రాదు.

మంత్రసానికి మైల, డాక్టరుకి మర్యాద

నర్సమ్మ రాకముందు ఊళ్లో పురుళ్లన్నీ మంత్రసానివే. ఆమె సాధారణంగా మంగలి, చాకలి, మాల, మాదిగ వాడల మనిషి. బొడ్డు కొయ్యడం, మాయ పాతిపెట్టడం, పురిటి బట్టలు చూడడం, పచ్చిబాలింతకి కాపడం పెట్టడం అన్నీ ఆమె పనులే. ఆమె చెయ్యి లేకపోతే ఏ వంశమూ నిలవదు. పని అయిపోగానే ఆ చెయ్యే మైల. ఆమె ముట్టిన చోటల్లా నీళ్లు చల్లుకున్న సమాజం మనది.

మన ఇళ్లల్లో ఆ అంటు లేదని గొప్పలు చెప్పుకునే ముందు కాస్త ఆగాలి. మన మతంలో అంటు లేదు. మన మనుషుల్లో ఉంది. దూదేకుల ఇంటి పిల్లని చేసుకోవడానికి వెనకాడే సయ్యదులు, పఠాన్లు ఉన్నంత కాలం ఆ గొప్ప మనది కాదు. కాని ఒక తేడా మాత్రం నిజం. జచ్చాఖానాలో దాయి స్థానం పెద్దది. బిడ్డ చెవిలో అజాన్ పడేదాకా ఆ బిడ్డ దాయి చేతుల్లోనే ఉండేది. ఛటీ రోజు ఆమెకు చీరె, బియ్యం, డబ్బులు పెట్టడం ఆ ఇంటి బాధ్యత.

దాయి చేతి వల్ల చాలామంది చచ్చిపోయారని వైద్యశాస్త్రం చెబుతుంది. కొడవలితోనో కత్తితోనో బొడ్డు కోసి, కోసిన చోట బూడిదో పేడో రాయడం వల్ల ధనుర్వాతంతో పసిగుడ్లు పోయిన మాట నిజం. అయితే దాయిది అజ్ఞానమని తీర్పు చెప్పే ముందు ఇంకొక చరిత్ర కూడా చదవాలి. సరిగ్గా మన ఆనకట్ట పనులు మొదలైన 1847లోనే వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక సంగతి కనిపెట్టాడు. ఆయన ఆసుపత్రిలో కాన్పుల వార్డులు రెండు. ఒకటి డాక్టర్లది, ఒకటి మంత్రసానులది. బాలింతలు ఎక్కువగా చచ్చిపోయింది డాక్టర్ల వార్డులో. వాళ్లు శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేసేవాళ్లు. చేతులు కడుక్కోండి అన్నందుకు ఆయన్ని ఎగతాళి చేశారు. కాబట్టి మురికి చెయ్యి కులాన్ని బట్టి రాదు, చదువుని బట్టి పోదు. కడుక్కుంటేనే పోతుంది. దాయికి సబ్బు, కొత్త బ్లేడు, ఉడికించిన దారం ఇచ్చి నేర్పినవాళ్లు తక్కువ. లేనందుకు నిందించినవాళ్లు మాత్రం కావలసినంత మంది.

ఘోషా ఒక్క ముసల్మానుదేనా?

ముసల్మాన్లు ఆడవాళ్లని ఘోషాలో దాచి డాక్టరుకి చూపించక చంపుకున్నారని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. దీన్ని కాస్త పరీక్షించి చూద్దాం. 1885లో మద్రాసులో ఆడవాళ్ల కోసం ఒక ఆసుపత్రి పెట్టారు. మేరీ షార్లీబ్ అనే డాక్టరు దాన్ని నడిపింది. తెలుగువాడైన వెంకటగిరి రాజా దాని భవనానికి లక్ష రూపాయలిచ్చాడు. ఆ ఆసుపత్రి పేరు 'కులస్త్రీల, ఘోషా స్త్రీల ఆసుపత్రి'. పేరులో ముందు కులం ఉంది, తరువాతే ఘోషా ఉంది. పై కులాల హిందూ స్త్రీ కూడా మగ డాక్టరు ముందుకు రాలేదు, పక్క కులం మనిషితో ఒకే వార్డులో పడుకోలేదు. అందుకే ఆ పేరు.

వెల్లూరు ఆసుపత్రి పుట్టుక కథ చాలామందికి తెలుసు. ఐడా స్కడర్ అనే అమెరికా అమ్మాయి ఇంటికి ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, తమ భార్యలు కాన్పు కాక చచ్చిపోతున్నారని ఏడ్చారు. వాళ్లలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, ఇంకొకరు మరో హిందువు. డాక్టరైన తండ్రిని పంపిస్తానంటే ముగ్గురూ మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. ఆ రాత్రే ఆమెను డాక్టరును చేసింది. ఈ కథలో ఘోషా ఎవరిది? ముగ్గురిదీ. నింద మాత్రం ఒక్కరికే మిగిలింది.

ఆడవాళ్ల దగ్గరకు ఆడవాళ్లే వెళ్లాలని మిషనరీలు గ్రహించారు. అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. డాక్టరు చదువు చదివినా ముందు ఆమెకు అప్పగించింది వైద్యం కాదు. జనానా ఇళ్లల్లో తిరిగి చదువు చెప్పే పని. ఆ ఇళ్లల్లోనే ఆమె వైద్యం మొదలుపెట్టింది. 1898లో గుంటూరు ఆసుపత్రి లేచింది. 1911లో రాజమండ్రిలో లిడియా వోర్నర్ ఆసుపత్రి పెట్టింది. గోదావరి డెల్టాలో 1836 నుంచే నర్సాపురం కేంద్రంగా బౌడెన్, బీర్ కుటుంబాల మిషన్ ఉంది. ఈ ఆసుపత్రులకి డాక్టర్లు సముద్రం దాటి వచ్చారు. నర్సులు మాత్రం ఇక్కడి పల్లెల నుంచే, ముఖ్యంగా దళిత క్రైస్తవ వాడల నుంచి వచ్చారు. వెలివాడ ఆడపిల్ల తెల్లచీర కట్టుకుని, ఊరి నడిబొడ్డు ఇంట్లోకి మందుల సంచీతో అడుగు పెట్టింది. ఇది చిన్న విప్లవం కాదు.

కాని ఈ ఆసుపత్రులన్నీ నదికి అవతలే. కోనసీమ చుట్టూ గౌతమి, వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. చించినాడ వంతెన, యానాం–ఎదుర్లంక వంతెన 2000 దరిదాపుల్లో గాని రాలేదు. అంతదాకా చాలా ఊళ్లకి రేవు, పంటు, పడవే దిక్కు. అడ్డం తిరిగిన బిడ్డ పంటు వచ్చేదాకా ఆగదు గదా! అందుకే కోనసీమలో ఆడదాని ప్రాణం ఊళ్లో ఉన్న మనిషి చేతిలోనే ఉంది.

సంచీ వెనక రిజిస్టరు

1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశం మొత్తానికి ఏడు వేల మంది నర్సులు, అయిదు వేల మంది శిక్షణ పొందిన మంత్రసానులు తేలారు. అరవై వేల జనానికి ఒక మంత్రసాని. ఏటా రెండు లక్షల మంది తల్లులు కాన్పుల్లో చచ్చిపోతున్నారని అదే కమిటీ రాసింది. 1952లో సమాజ వికాస పథకంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. ఏ.ఎన్.ఎం. అనే ఉద్యోగం వచ్చింది. అయిదు వేల జనాభాకి ఒక సబ్‌సెంటరు, అందులో ఒక నర్సమ్మ. ఒక్క ఆడమనిషి, అయిదు వేల ప్రాణాలు! ఆమె వరిచేల గట్ల మీద నడిచింది. సైకిలు తొక్కింది. టీటీ ఇంజక్షన్లు వేసింది, రక్తం లేని గర్భిణులకి ఐరను మాత్రలు పంచింది, బావుల్లో బ్లీచింగు చల్లించింది. వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకున్న 1996 నవంబరు 6 తుపాను లాంటి ఉపద్రవాల తరువాత, నీళ్లలో వచ్చే జబ్బుల్ని ఆపాల్సిన మొదటి మనిషీ ఆమే.

ఆ ఉద్యోగం నడిపినంత కాలం ఆమె ఒక ఇంటికి అక్క, ఒక ఇంటికి పిన్నమ్మ, మన ఇళ్లల్లో ఖాలా. మందు పేరు తెలియని ఇంట్లో మందు కంటే ముందు మాట పని చేస్తుంది. "భయం లేదమ్మా, నేనున్నాగా" అని చెయ్యి పట్టుకోవడం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని వైద్యం.

కాని ప్రభుత్వం ఆమె చేతికి సంచీతో పాటు రిజిస్టరు కూడా ఇచ్చింది. అందులో అర్హులైన దంపతుల పట్టిక, నెలకింత అని కుటుంబ నియంత్రణ టార్గెట్ ఉండేవి. టార్గెట్ తప్పితే జీతం ఆగేది, బదిలీ వచ్చేది. ఎమర్జెన్సీలో ఆ రిజిస్టరు నిజరూపం బయటపడింది. 1976–77 ఒక్క ఏడాదిలో దేశంలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు, నవంబరులో పోలీసులు చుట్టుముట్టిన హర్యానా ఉటావర్ గ్రామం మనవాళ్ల జ్ఞాపకంలోంచి పోవు. ఉత్తరాదిలో జరిగినంత ఘోరం ఇక్కడ జరగలేదు. భయానికి మాత్రం సరిహద్దులుండవు. నిన్నటిదాకా ఖాలా అని పిలిచిన మనిషి చేతిలోని సంచీ వంక అనుమానంగా చూడాల్సి వచ్చింది. ఆ అనుమానం ముసల్మాను మూఢత్వం కాదు. అది అధికారాన్ని చూసిన మనిషి అనుభవం.

టార్గెట్ పద్ధతిని ప్రభుత్వం ఎత్తేసింది 1996 ఏప్రిల్‌లో. అప్పటికే ఆంధ్ర ఆడవాళ్లు, ఏ మతంవాళ్లయినా, ఆ భారం ఒంటి మీద మోసేశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు డెబ్భై మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ముసల్మాన్లు జనాభా పెంచుతున్నారని మైకుల్లో అరిచేవాళ్లు ఇంకో లెక్క కూడా చదవాలి. దేశంలో ముసల్మాను స్త్రీకి సగటు సంతానం 1992–93లో 4.4. 2019–21కి అది 2.4 లోపుకి దిగింది. ఈ తగ్గుదల ఏ గద్దింపు వల్లా రాలేదు. ఆడపిల్లలు బడికి వెళ్లడం వల్ల, పుట్టిన బిడ్డ బతుకుతుందనే ధైర్యం వల్ల వచ్చింది. ఆ ధైర్యాన్నిచ్చినవాళ్లలో నర్సమ్మ కూడా ఒకతి.

పేరు అడిగితే భయం

పోలియో చుక్కల చరిత్ర ఇదే పాఠం మళ్లీ చెప్పింది. ఉత్తరప్రదేశ్ ముసల్మాను వాడల్లో పిల్లలు పుట్టకుండా చేసే చుక్కలని పుకారు లేస్తే తలుపులు మూసుకున్నాయి. ఆ తలుపులు పోలీసుల వల్ల తెరుచుకోలేదు. ఆ వాడలోని ఆడవాళ్లే కార్యకర్తలై ఇల్లిల్లూ తిరగడం వల్ల, మసీదు మైకుల్లో ఇమాములు చెప్పడం వల్ల తెరుచుకున్నాయి. 2014 మార్చిలో దేశం పోలియో లేనిదని ప్రకటించారు. ఆ విజయంలో మసీదుకి భాగముంది.

2020లో మళ్లీ తలుపులు మూసుకున్నాయి. ఒక పక్క పౌరసత్వ పట్టిక భయం, ఇంకో పక్క కరోనాను ముసల్మాన్లే మోసుకొచ్చారన్న ప్రచారం. అలాంటప్పుడు ఒక మనిషి గుమ్మంలో నిలబడి పేరు, ఊరు, ఇంట్లో ఎంతమంది అని అడిగితే, అది జ్వరం లెక్కా, మనిషి లెక్కా? అడిగే ఆశా కార్యకర్తా పేదరాలే, జవాబు చెప్పే ఇల్లూ పేదదే. వాళ్లిద్దరి మధ్య అనుమానం నాటినవాళ్లు మాత్రం పేదవాళ్లు కారు.

మన చేతులు ఎక్కడ?

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. 2006లో సచార్ కమిటీ తీసిన లెక్కల్లో రాష్ట్రాల ఆరోగ్యశాఖ ఉద్యోగాల్లో ముసల్మాన్ల వాటా నూటికి అయిదు కూడా లేదు. మన పురుళ్లు పోసే చేతుల్లో మన చేతులు లేవు. తప్పు ప్రభుత్వానిదే కాదు. నర్సు పని తక్కువ పని అనుకున్నాం. పర్దా పేరు చెప్పి ఆడపిల్లని పదో తరగతి దగ్గర ఆపేశాం. బి.సి.-బి.లో దూదేకుల, నూర్‌బాషా పిల్లలకి, 2007 నుంచి బి.సి.-ఇ.లో నాలుగు శాతంతో మిగతా వెనుకబడిన ముసల్మాను పిల్లలకి దారి తెరుచుకుంది. ఆ దారిలో నడిచే ఆడపిల్లల్ని ఆపుతున్నది ఎవరు?

ఇందులో ఒక చేదు విచిత్రం ఉంది. ఇక్కడ నర్సు పని పరువు తక్కువ అన్న సమాజమే కోనసీమ ఆడవాళ్లని అన్ని కులాల నుంచి, అన్ని మతాల నుంచి కువైటుకి కద్దామాలుగా పంపింది. అక్కడ వాళ్లు చేసేదేమిటి? ముసలివాళ్లని కడగడం, పసిపిల్లల్ని సాకడం, జబ్బుపడ్డవాళ్ల పక్కన మేలుకోవడం. సర్టిఫికెట్ లేని, సెలవు లేని, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండే నర్సింగు అది. అదే పని ఊళ్లో గౌరవంగా, జీతంతో, పింఛనుతో చెయ్యనివ్వడానికి పరువు అడ్డొచ్చింది.

2018–20 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకి చచ్చిపోతున్న తల్లులు నలభై అయిదుగురు. భోర్ కమిటీ నాటి లెక్క లక్షకి రెండు వేలు. మధ్యలో వచ్చిన ఈ తేడాకి డాక్టర్లు, 2005లో వచ్చిన 108 బండ్లు, వంతెనలు, రోడ్లు అన్నీ కారణమే. కాని బండి వచ్చేదాకా చెయ్యి పట్టుకున్న మనిషి లేకపోతే ఆ బండి శవాన్ని మోసేది.

ముసల్మాను చరిత్రంటే గోల్కొండ కోట, నిజాం నగలు అని మన పిల్లలకి చెబుతున్నారు. మనమూ అదే చెప్పుకుని మురుస్తున్నాం. కోనసీమ సాయిబుకి గోల్కొండలో వాటా లేదు, నిజాం నగల్లో అసలే లేదు. అతని చరిత్ర వరి మడిలో ఉంది, కొబ్బరి చెట్టు మోకులో ఉంది, పురిటి మంచం పక్కన వెలిగిన బుడ్డి దీపంలో ఉంది. ఆ దీపం పట్టుకున్నది ఒక మాదిగ మంత్రసాని కావచ్చు, ఒక క్రైస్తవ నర్సమ్మ కావచ్చు, రేపు ఒక నూర్‌బాషా పిల్ల కావచ్చు. ఎవరికి వాళ్లు అస్తిత్వం రాసుకుంటున్న ఈ కాలంలో ఒకటి మరిచిపోకూడదు. మనం మనమని తెలిసేలోపే మనల్ని ఎత్తుకున్నది ఇంకొకరి చెయ్యి. ఆ చెయ్యి కులం అడగలేదు, కలిమా అడగలేదు.

మన ఊళ్లల్లో రిటైరైన నర్సమ్మలు ఇంకా ఉన్నారు. ముసలి దాయిలు ఒకరిద్దరయినా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు రాసుకోవడం ఎవరి పనో కాదు, మన పని. జమాత్ కమిటీల గోడల మీద చందా ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కిస్తున్నారు. ఆ పక్కనే ఆ మహల్లాకి పురుళ్లు పోసిన ఆడవాళ్ల పేర్లు రాయడానికి ఎంత చోటు కావాలి?